అరచేతి పలక

మా ల్యాబులో ఫోను గెలవాల్సిన రోజున ట్యాబ్ గెలిచింది. గెలిపించింది నేను. ఆ రోజు నేను చాలా బాగా మాట్లాడాను. బాగా మాట్లాడటం ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

విశాఖలో సముద్రం వైపు కిటికీలున్న గది అది. ప్రభుత్వం పంపిన కమిటీలో ఏడుగురు సభ్యులు, అందులో ముగ్గురు ఆడవాళ్ళు. ఊళ్ళలో ఇంటింటికీ తిరిగే నర్సమ్మల చేతికి ఒక పరికరం ఇవ్వాలన్నది వాళ్ళ ఉద్దేశం. సూది గుచ్చకుండా, చుక్క రక్తం తీయకుండా, గర్భిణి ఒంట్లో హిమోగ్లోబిన్ ఎంతుందో అది చెప్పాలి. ఆ విద్య మా దగ్గరుంది. నాలుగేళ్ళు తలలు బద్దలు కొట్టుకుని మేం ఒక పల్చటి పొర తయారుచేశాం. గాజు కింద ఆ పొర పరిచి, పైన అరచేయి ఆనిస్తే, లోపలి నుంచి వెలుగు వెళ్ళి చర్మం కింద పారే రక్తాన్ని తాకి వెనక్కి వస్తుంది. వచ్చిన వెలుగును చదివితే అంకె తెలుస్తుంది. తొమ్మిది సెకన్లు చాలు. ఆ పొర నా చేతుల మీదుగా పుట్టింది కనక దాని మీద నాకు కన్నతల్లి మమకారం ఉండేది. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. నర్సమ్మ చేతిలో ఏముండాలి, ల్యాప్‌టాపా, ఫోనా, ట్యాబా?

ల్యాప్‌టాప్ పది నిమిషాల్లో ఇంటికి పోయింది. నులకమంచం మీద కూర్చున్న మనిషి ముందు దాన్ని ఎక్కడ తెరిచిపెడతారని అధ్యక్షురాలు అడిగితే తెచ్చినవాళ్ళు దాన్ని మూసి సంచిలో పెట్టేసుకున్నారు. తర్వాత మా ఇబ్రహీం లేచాడు. కర్నూలు మనిషి, మాటలు తక్కువ. అతనికి పొరా గాజూ ఏమీ అక్కర్లేదు. నర్సమ్మకు ఇప్పటికే ఫోనుంది, ఒక చేత్తో ఆమె కింది కనురెప్ప కిందికి లాగుతుంది, రెండో చేత్తో ఫొటో తీస్తుంది, రెప్ప లోపలి ఎరుపును బట్టి ఫోను అంకె చెబుతుంది అన్నాడు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళు చేస్తున్న పని అదేననీ, దానికి అంకె తగిలించడమే తన పననీ, కొత్తగా మోయాల్సింది ఏమీ ఉండదనీ అన్నాడు. అంకె కొంచెం అటూ ఇటూ అవుతుందని కూడా తనే ఒప్పుకున్నాడు.

అమ్మకానికి వచ్చినవాడు తన సరుకులో లోపం తనే చెబితే ఇక అవతలివాళ్ళకు పనేముంది. నేను లేచి, మన ఆడవాళ్ళు కళ్ళకు కాటుక పెట్టుకుంటారని ఇబ్రహీం గారికి ఎవరైనా చెప్పారా అని అడిగాను. గదంతా నవ్వింది. దూదితో తుడిస్తే పోతుంది అని అతను అన్నది ఆ నవ్వులో కలిసిపోయింది. నేను ట్యాబ్ తీసుకెళ్ళి అధ్యక్షురాలి ముందు పెట్టాను. ఫోను మీద బొటనవేలు పడుతుంది, బొటనవేలి మీద నమ్మకం పెట్టలేం, చేయి చదవాలంటే చేయంత గాజు కావాలి అన్నాను. ఆమె అరచేయి ఆనించింది. పన్నెండు పాయింట్ ఒకటి. రెండు రోజుల కిందట ఆసుపత్రిలో తీయించుకుంటే పన్నెండు వచ్చిందని ఆమే చెప్పింది. మిగిలిన ఆరుగురూ జాతకం చూపించుకునేవాళ్ళలా చేతులు చాపుకుంటూ వచ్చారు. అయిపోయింది.

గోరింటాకు మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. అది మాఘమాసం.

నాకు తెలియక కాదు. పొరను పరీక్షిస్తున్న రోజుల్లో చేతులకు గోరింటాకుతో వచ్చిన ఆడవాళ్ళను, రంగు పోయాక రమ్మని నేనే వెనక్కి పంపాను. అలాంటి చేయి కనిపిస్తే అంకె చెప్పకుండా ఆగిపొమ్మని ట్యాబ్‌కు నేర్పింది కూడా నేనే. నర్సమ్మలకిచ్చే పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఆ సంగతి ఒక వాక్యంలో రాశాను. రాసి చేతులు దులుపుకున్నాను.

ఆ ట్యాబ్‌కు సర్కారువాళ్ళు సంస్కృతంలో పెద్ద పేరు ఒకటి పెట్టారు గానీ, ఊళ్ళలో అందరూ దాన్ని అరచేతి పలక అన్నారు.

మా ఊరు ఉత్తరాంధ్రలో కొండలకు దగ్గర. నాన్న నీటిపారుదల శాఖలో లస్కరు, కాలవలకు నీళ్ళు వదిలే మనిషి. కాలవ గట్ల మీద తిరిగి తిరిగి నీళ్ళంటే పిచ్చి పట్టిన మనిషి కనక కూతుళ్ళిద్దరికీ నదుల పేర్లు పెట్టుకున్నాడు. నేను నాగావళి. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది వేగావతి. నాన్న పోయేటప్పటికి దానికి ఆరేళ్ళు. దాని జడలు నేనే వేశాను, లెక్కలు నేనే చెప్పాను, సూది చూసి మంచం కింద దూరితే కాళ్ళు పట్టి బయటికి లాగింది కూడా నేనే. పెళ్ళయ్యాక కూడా దానికి అక్క మాట వేదవాక్కు. అమ్మకూ అంతే. పెద్దమ్మాయి పెద్ద చదువు చదివింది, అది తప్పు చెప్పదు అని వీధిలో నలుగురికీ చెప్పుకునేది. నాకది వినసొంపుగా ఉండేది.

ఆ ఏడాది ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు మా ఊరి నర్సమ్మ సన్యాసమ్మ గారు పలక పట్టుకుని నన్ను చూడటానికి వచ్చింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసు ఆమెది. నా పదో తరగతిలో మలేరియా మాత్రలు మింగించింది ఆమే. పలక గురించి ఆమె ఫిర్యాదులన్నీ ఓపిగ్గా చెప్పింది. ఎండలో చూస్తే అంకె కనపడదు, తన మొహమే కనిపిస్తుంది. సంచిలో పట్టదు. వాన చినుకు పడితే చీర కొంగులో చుట్టుకోవాలి, తను తడిసినా ఫర్వాలేదు గానీ అది తడవకూడదు. ఫోనైతే జాకెట్లో దోపుకుని పోయేదాన్ని కదమ్మా అంది. మాత్రలు లెక్కపెట్టుకోడానికి మాత్రం పళ్ళెంలా బాగా పనికొస్తోందట. నేను నవ్వి, వచ్చే ఏడు ఇంకా మంచిది ఇస్తాం అన్నాను.

"ఒకటి మాత్రం మీ గొప్పేనమ్మా," అంది ఆమె. "సూదంటే పారిపోయినోళ్ళు ఇప్పుడు సేయి సాపుకుని ఒస్తన్నారు."

అది నిజమే. పలక దండగ అని నేనెప్పుడూ అనను, ఇప్పుడు కూడా అనను. చైత్రంలో ఒక్క మా మండలంలోనే ముగ్గురిని పట్టిచ్చింది. ఏడుకు దిగిపోయిన మనుషులు, సూదికి దొరకని మనుషులు. ముగ్గురూ బతికి బిడ్డల్ని కన్నారు. ఆ వార్త విన్నరోజున నేను ల్యాబులో అందరికీ మిఠాయి పంచాను. ఇబ్రహీం కూడా తిన్నాడు.

తర్వాత ఆషాఢం వచ్చింది. ఆషాఢమొస్తే మన ఆడవాళ్ళ చేతులు ఎర్రబడతాయి. ఇది ఎవరూ కనిపెట్టాల్సిన విషయం కాదు. మొదటి వారంలోనే పలకలు మొరాయించాయి. నూటికి అరవైమంది చేతులు చూసి అంకె చెప్పకుండా ఆగిపోయాయి. అంకె లేనిదే ఆ రోజు పని పూర్తయినట్టు నమోదు కాదు కనక నర్సమ్మలు ఇళ్ళకు వెళ్ళలేక గగ్గోలు పెట్టారు. పాత పద్ధతిలో చూద్దామంటే సూదులూ, చుక్క అద్దే కాగితాలూ పలకలిచ్చిన రోజునే వెనక్కి తీసుకున్నారు.

మా డైరెక్టర్ ఆనందవర్ధన్ గారు నన్ను పిలిచారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. వారం రోజులు టైముంది, ఏదో ఒకటి చేయమని అన్నారు. పలకను ఆగిపోనివ్వడమే సరైన పని అని నేను చెప్పి ఉండాల్సింది. నెలా రెండు నెలలు పాత సూదులు ఇప్పించండి అని ఉండాల్సింది. కానీ నా పలక పనికిరాదు అనే మాట నా నోటితో నేను చెప్పడమా. చేస్తానన్నాను.

చేతి మీద ఎరుపు ఎంతుందో ముందు కొలిచి, అంతమేరకు తీసేసి, మిగిలినదాన్ని రక్తంగా లెక్కగట్టాలి. నాలుగు రోజుల్లో ఆ దిద్దుబాటు రాశాను. ఐదో రోజున ఆకు రుబ్బించి పదకొండు మంది ఆడవాళ్ళకు పెట్టించాను. ఇద్దరు పరిశోధక విద్యార్థినులు, ఆఫీసులో పనిచేసే ముగ్గురు, మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు. పక్కనే సూదితో కూడా తీయించి, ఆ అంకెలనే దిద్దుబాటుకు నేర్పాం. ఒక్కరికి కూడా అర పాయింటుకు మించి తేడా రాలేదు. దిద్దుబాటు పలకలకు పంపించే ముందు ఇబ్రహీం నా బల్ల దగ్గరికొచ్చి ఆ పదకొండు అంకెలూ చదివాడు.

"వీళ్ళలో నీరసంగా ఉన్న మనిషి ఒక్కరు కూడా లేరు," అన్నాడు.

వారంలో రక్తం తక్కువున్నవాళ్ళను ఎక్కడి నుంచి తెమ్మంటావు, తర్వాతి దిద్దుబాటులో చూద్దాం అన్నాను. అతను కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. కాటుక గురించి నేను అందరి ముందూ అన్నమాట అతనికి గుర్తుండే ఉంటుంది. నాతో వాదిస్తే ఓడిపోయినవాడి ఉక్రోషం అంటానని కూడా తెలిసే ఉంటుంది. నిజంగా అలాగే అని ఉండేదాన్ని.

దిద్దుబాటు పంపాక పలకలు మళ్ళీ అంకెలు చెప్పడం మొదలుపెట్టాయి. గొడవ సద్దుమణిగింది.

వేగకు అప్పుడు ఎనిమిదో నెల. తొలికాన్పు కనక పుట్టింటికొచ్చింది. అన్నం సయించక టీ నీళ్ళ మీదే బతికేదట. ఇనుము మాత్రలు వేసుకుంటే వాంతవుతోందని తలగడ కింద దాచేదట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అమ్మకు గోరింటాకులో చుక్కలూ చందమామలూ నచ్చవు, పెరట్లో ఆకు కోసి రుబ్బి, అరచేయి నిండా మెత్తి, గుప్పిట మూయిస్తుంది. కడుపుతో ఉన్న పిల్లకు బాగా పండాలని ఆ నెలలో మూడుసార్లు పెట్టింది. రెండు చేతులూ చాపి తీసుకున్న ఫొటో ఒకటి వేగ నాకు పంపింది. నేను దానికి గుండె బొమ్మ పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. సన్యాసమ్మ ఏదో కంగారు పెడుతోందనీ, పలక బాగానే ఉందన్నా వినడంలేదనీ, నువ్వే మాట్లాడమనీ అంది. సన్యాసమ్మ గారు ఫోన్ తీసుకుంది.

"అమ్మా, పలక పదకొండున్నర అంటంది. నాను కన్ను కిందికి లాగి సూసినాను, తెల్లగుంది. నాలిక తెల్లగుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతంది. ఓపాలి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి సూది గుచ్చి సూపిద్దుమా?"

ఎనిమిదో నెలలో ఆయాసం ఎవరికైనా ఉంటుందన్నాను. కంటి రంగు గదిలో వెలుతురును బట్టి మారుతుందన్నాను. పదకొండున్నర అంటే బంగారం లాంటి అంకె అన్నాను. కన్ను తెల్లగుందని ఆమె మళ్ళీ మొదలుపెట్టేసరికి నాకు చిరాకు వేసింది.

"సన్యాసమ్మ గారూ, కంటితో చూసి చెప్పే రోజులు పోవాలనే కదా మేమిది చేసింది."

"సరేనమ్మా," అంది ఆమె. "మీరు సేసిన వస్తువు. మీ సెల్లి."

పలక తక్కువ చూపిస్తే తప్ప ఆసుపత్రికి పంపే చీటీ రాదు. అయినా ఆమె సొంతంగా ఆటో మాట్లాడి తీసుకెళ్దామనే వచ్చిందని అమ్మ తర్వాత చెప్పింది. నా మాట విన్నాక ఆటోను వెనక్కి పంపేసింది. వేగ ఫోన్ లాక్కుని, సూది తప్పించావా అక్కా అని అడిగింది. తప్పించానే అన్నాను. అది నవ్వింది. నేను కూడా నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

శ్రావణం రెండో వారంలో, మూడు వారాలు ముందుగా నొప్పులొచ్చాయి. పొద్దున ఫోనొస్తే బయల్దేరి పదకొండింటికి ఆసుపత్రికి చేరాను. పాప అప్పటికే పుట్టింది. రెండు కిలోలుంది, ఏడ్చింది, బాగానే ఉంది. వేగకు రక్తస్రావం ఆగలేదు. మామూలు మనిషికైతే తట్టుకోగలిగినంతే పోయిందట. దీనికి పోవడానికి ఉన్నదే తక్కువ. ఆసుపత్రిలో సూదితో తీసినప్పుడు నాలుగున్నర వచ్చింది. ముందే తెలిసి ఉంటే ముందే ఎక్కించేవాళ్ళు. రెండు సీసాల రక్తం దొరికింది, మూడోది దారిలో ఉంది. వేగ భర్త శ్రీరాములు జనపనార మిల్లు నుంచి పనిబట్టలతోనే వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక చిన్నవయసు డాక్టరమ్మ బయటికొచ్చి, ఇంత తక్కువున్న మనిషిని ఇన్ని నెలలూ ఎవరూ చూడలేదా అని మా మీద విసుక్కుంది. నేను చూశాను అని నేను అనలేదు.

మూడింటికి పోయింది.

దుప్పటి కప్పినప్పుడు దాని చేతులు రెండూ బయటే ఉన్నాయి. మొహంలో చుక్క రక్తం లేదు. చేతులు మాత్రం నిండు ఆరోగ్యంతో ఉన్న మనిషి చేతుల్లా ఎర్రగా ఉన్నాయి.

పెద్దకర్మ అయ్యాక ల్యాబుకు వెళ్ళి ఆషాఢమాసం అంకెలన్నీ బయటికి తీశాను. ఇబ్రహీం పక్కన కూర్చున్నాడు. పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. ఊరు తర్వాత ఊరు, పేజీ తర్వాత పేజీ, ఎర్రచేతులవాళ్ళందరికీ దాదాపు ఒకే అంకె. పదకొండున్నర. పదకొండు పాయింట్ నాలుగు. పదకొండున్నర. రక్తం లేని చేతి మీద ఎరుపు తీసేస్తే గాజుకు మిగిలేది చాలా తక్కువ. అంత తక్కువను అది ఎప్పుడూ చూడలేదు. తెలియనిది ఎదురైనప్పుడు తెలిసినదాని దగ్గరికి పోయింది. దానికి తెలిసిన గోరింటాకు చేతులు పదకొండు మందివే. వేళకు తిని, పండూ పాలూ తీసుకునే నా పదకొండు మంది. రాష్ట్రంలో ఆ నెలలో ఎర్రచేయి చాపిన ప్రతి ఆడదాన్నీ పలక ఆ పదకొండు మందిలో కలిపేసింది.

ఆ నెలలో గర్భిణుల్లో రక్తహీనత మూడోవంతుకు పడిపోయిందని మెచ్చుకుంటూ పైనుంచి ల్యాబుకు ఒక ఉత్తరం వచ్చింది. ఆనందవర్ధన్ గారు దాన్ని నోటీసు బోర్డులో పెట్టించారు. నేను ఇంట్లో కర్మల్లో ఉన్నప్పుడు పెట్టించారు.

కాన్పులో తల్లి పోతే జిల్లాలో విచారణ జరగాలి. సెప్టెంబరులో పెట్టారు. పొడుగాటి బల్ల, దాని చుట్టూ అధికారులు. బల్ల చివర సన్యాసమ్మ గారు నిలబడి ఉంది. ఆమెను కూర్చోమనాలని ఎవరికీ తోచలేదు. పలక పదకొండున్నర చూపించింది కనక తప్పు మనిషిదే అయి ఉండాలి, చేయి సరిగ్గా ఆనించి ఉండదు, లేదా వేరే ఎవరి చేయో పెట్టించి ఉంటుంది. వాళ్ళ ఆలోచన అలా నడుస్తోంది. ఆమె సంజాయిషీ చెప్పుకోకుండా కిందికి చూస్తూ నిలబడింది. ఫోనులో నేనన్న మాట ఆమె బయటపెట్టలేదు. బయటపెట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

సాంకేతిక వివరం చెప్పడానికి నన్ను పిలిపించారు. కారులో వస్తుంటే ఆనందవర్ధన్ గారు, మీ బాధ మాకు తెలుసు, ఆవేశపడకుండా విషయం వరకు చెప్పండి అన్నారు. నేను చెప్పాల్సినవి రెండే వాక్యాలు. రాత్రంతా మననం చేసుకున్నాను. ఒకటి, గోరింటాకు ఉన్న చేతిని ఈ గాజు సరిగ్గా చదవలేదు. రెండు, ఆ సంగతి నాకు ముందే తెలుసు, అయినా బలహీనమైన మనిషి ఒక్కరు కూడా లేకుండా పదకొండు మంది మీద పరీక్షించి దిద్దుబాటు పంపించాను, కనక తప్పు నాది.

లేచి మొదటి వాక్యం చెప్పాను. పెద్దాఫీసరు, ఆగమని చేయెత్తి రాసుకున్నాడు. గోరింటాకు అని పైకి అంటూ రాసుకున్నాడు. ఇక గదిలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. బజారులో దొరికే కోనుల్లో ఏవేవో కలుపుతారని ఒకరన్నారు. ఈ ఆచారాల పిచ్చి ఎప్పటికి వదులుతుందో అని ఇంకొకరన్నారు. జనానికి అవగాహన కలిగించాలి, పోస్టర్లు వేయించాలి అని మూడో ఆయన అన్నాడు. టీలు వచ్చాయి. ఆనందవర్ధన్ గారు నిదానంగా తాగారు.

నా రెండో వాక్యం నోట్లోనే ఉంది. నోరు తెరిస్తే చాలు. నేను కూర్చున్నాను. చెల్లెలు పోయి నెలైనా కాలేదు, ఇంకా నాకు పోగొట్టుకోడానికి ఏముందనుకున్నాను గానీ, ఉంది. ఉద్యోగం ఉంది, పేరుంది, పొర మీద మమకారం ఉంది. అంత దుఃఖంలో కూడా మనిషి వాటిని గట్టిగా పట్టుకునే ఉంటాడని ఆ రోజు తెలుసుకున్నాను. నా గురించి నాకు తెలిసిన అతి నీచమైన సంగతి అదే.

సన్యాసమ్మ గారిని ఇకముందు గోరింటాకు సంగతి అడిగి తెలుసుకోమని హెచ్చరించి వదిలేశారు. బయట మెట్ల దగ్గర ఆమె చెప్పులు తొడుక్కుంటుంటే దగ్గరికి వెళ్ళాను.

"ఆకుని తిట్టినారు సరే," అంది ఆమె. "ఆ పిల్ల కన్ను సూసినప్పుడు నాకు ఆకేమీ అడ్డం రానేదు కదమ్మా."

ల్యాబుకు తిరిగొచ్చాక ఇబ్రహీం ఒక్కటే అడిగాడు, పదకొండు మంది సంగతి చెప్పావా అని. లేదన్నాను. తల ఊపి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. తెచ్చి నాలుగు తిట్టినా బాగుండేది.

పోస్టరు మా ల్యాబు నుంచే వెళ్ళింది. ఎర్రగా పండిన రెండు చేతులు, వాటి మీద పెద్ద అడ్డగీత. కింద పలక బొమ్మ, దాని పక్కన పచ్చటి టిక్కు. గోరింటాకు మీ రక్తహీనతను దాచేస్తుంది, గర్భిణులు పెట్టుకోరాదు, ప్రాణాలకు ముప్పు అని రాశారు. అచ్చుకు పంపే ముందు ఒకసారి చూడమని నాకు పంపారు. అందులో ఒక అక్షరదోషం ఉంటే దిద్దాను. నేను రాజీనామా చేయలేదు. పలక కొత్త రకం తయారవుతోంది, పాతదానికంటే పల్చగా, ఎండలో కూడా కనపడేలా.

కార్తీకమాసంలో పాపకు రెండో విడత టీకా వేయించాల్సి వచ్చింది. నేను సెలవు పెట్టి ఊరెళ్ళాను. బుధవారం పొద్దున అమ్మా నేనూ పాపను తీసుకుని ఊళ్ళోని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. ఆ పోస్టరు అక్కడ ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. గుమ్మం పక్క గోడకు అంటించి ఉంది. సన్యాసమ్మ గారు మమ్మల్ని చూడగానే గబగబా వచ్చి దానికి అడ్డంగా నిలబడి, లోపలికి రండమ్మా అని తొందరపెట్టింది. అమ్మ రోజూ పేపరు చదివే మనిషి, అక్షరం కనపడితే వదలదు. సన్యాసమ్మ గారిని కొంచెం పక్కకు జరగమని, పెదాలు కదుపుతూ పైనుంచి కిందిదాకా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. లోపలికొచ్చి కూర్చుంది. పాపకు సూది వేస్తుంటే ఎప్పటిలా తను పట్టుకోకుండా నాకిచ్చింది.

దారంతా అమ్మ నాకు రెండడుగులు ముందు నడిచింది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక, నీకిది తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. అప్పుడు చెప్పాను. నా నోట్లో నిలిచిపోయిన రెండో వాక్యం అమ్మకు చెప్పాను. పదకొండు మంది సంగతి, ఇబ్రహీం అన్నమాట, నేను వినకపోవడం, విచారణలో నోరు మూసుకోవడం, అన్నీ చెప్పాను. గోరింటాకు వల్ల ఎవరూ చావరమ్మా, నేను చేసిన వస్తువు అబద్ధం చెప్పింది, దాన్ని నమ్మమని నేను చెప్పాను, అంతే అన్నాను.

అమ్మ అంతా విన్నది. పక్కన పడుకున్న పాప కాళ్ళ మీద గుడ్డ సర్దింది.

"ఆ పదకొండుమందెవరో నాకు తెల్దు నాగా," అంది. "ఆకు కోసినది నాను. రుబ్బినది నాను. గుప్పిట మూసుకుని ఉండే, బాగా పండుతాదని సెప్పినది నాను."

కాదమ్మా, తప్పు నాది అన్నాను. మళ్ళీ అన్నాను. ఎన్నిసార్లన్నా ఆమె నన్ను జాలిగా చూసింది. తల్లి మీద నింద పడకుండా పెద్దకూతురు తన నెత్తిన వేసుకుంటోందని అనుకుంది. పెద్ద చదువు చదివినదాన్ని, నేను తప్పు చేయనని ఆమె నమ్మకం. గోడ మీద అచ్చులో ఉన్నదీ, నేను ఇప్పుడు నోటితో చెబుతున్నదీ పక్కపక్కన పెట్టుకుని, ఆమె అచ్చునే నమ్మింది. ఆ అచ్చు దిద్దింది కూడా నేనే.

పాప లేచి ఏడ్చింది. అమ్మ ఎత్తుకోబోయి ఆగిపోయింది. చేతులు రెండూ చీర కొంగు కింద పెట్టుకుంది.

"నువ్వెత్తుకో," అంది.